కల్లు బందైన మూడో రోజు: తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖకు, ఆబ్కారీ (ఎక్సైజ్) శాఖకు బహిరంగ లేఖ

వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి, ఆబ్కారీ శాఖ మంత్రి గారికి, రెండు శాఖల ఉన్నతాధికారులకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేస్తున్న డాక్టర్లకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను కామారెడ్డి జిల్లాలో ఆరోగ్య పర్యవేక్షకురాలిగా పనిచేసి రిటైరయ్యాను. కల్లు బందైనప్పుడు రోజూ తాగేవాళ్లకు వైద్యం అందడం లేదన్న విషయం మీద మా మండలం మహిళా సంఘాల వాళ్లం కలిసి ప్రజావాణిలో అర్జీ ఇచ్చాం. అర్జీకి నంబరు పడింది, సంబంధిత శాఖకు పంపామని మెసేజ్ వచ్చింది, ఆ తర్వాత ఏమీ రాలేదు. ఆసుపత్రి వాళ్లను అడిగితే కల్లు సంగతి ఎక్సైజోళ్లది అన్నారు. ఎక్సైజోళ్లను అడిగితే రోగుల సంగతి ఆసుపత్రిది అన్నారు. అందుకే రెండు శాఖలకూ కలిపి, నలుగురూ చదివేలా రాస్తున్నాను.

అడగదలచింది ముందే చెప్తాను. కల్తీ కల్లు దుకాణం మీద దాడి చేసి తాళం వేసిన రోజే ఆ ఊరికి వైద్యం కూడా రావాలి. దాడి చేయొద్దని మేం అనడం లేదు. దాడి ఒక్కటే చేసి వెళ్లిపోతే మూడో రోజుకు ఊళ్లో ఏం జరుగుతుందో మీకు తెలియాలని అంటున్నాం.

ఇది కొత్త సంగతేం కాదు. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లు మీద గట్టిగా దాడులు చేయించింది. అప్పటి నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో రోజూ తాగే కల్లు అందక వందల మంది వణుకుతూ, ఫిట్స్‌తో, తమలో తామే మాట్లాడుకుంటూ ఆసుపత్రులకు వచ్చారు. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ పెట్టి మద్యం, కల్లు దుకాణాలు మూసిన కొద్ది రోజులకే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటివాళ్లే బారులు తీరారు. 2025 ఏప్రిల్‌లో మా జిల్లా నసురుల్లాబాద్, బీర్కూర్ మండలాల్లో కల్లు తాగినవాళ్లు పదుల సంఖ్యలో ఆసుపత్రుల పాలయ్యారు. అదే ఏడాది జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు, ఎంతోమంది నిమ్స్‌లో, గాంధీలో చేరారు, కొందరికి కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ దాకా వెళ్లింది. ఇన్నేళ్లలో కేసులు పెట్టారు, లైసెన్సులు రద్దు చేశారు, శాంపిళ్లు ల్యాబుకు పంపారు. తాగి అలవాటుపడ్డ మనిషికి మరుసటి వారం ఏ మందు ఇవ్వాలో, ఎవరు ఇవ్వాలో మాత్రం ఏ ఊళ్లోనూ ముందుగా ఏర్పాటు చేయలేదు.

బయటి జిల్లాల వాళ్ల కోసం ఒక మాట. కల్లంటే తాటిచెట్టు, ఈతచెట్టు నుంచి గీసిన కల్లే అనుకుంటారు. ఆ చెట్టు కల్లు పొద్దున తియ్యగా ఉండి సాయంత్రానికి పులుస్తుంది, ఎక్కువ నిల్వ ఉండదు, చెట్టుకు ఇంతే దొరుకుతుందన్న లెక్క ఉంటుంది. చెట్లు లేని చోట కూడా రోజూ పెట్టెలకు పెట్టెల సీసాలు నిండుతున్నాయంటే అది చెట్టు కల్లు ఎలా అవుతుంది? నీళ్లు, శాక్రిన్, దాంట్లో మత్తు మందు. ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం (డయజిపామ్) కలిపేవాళ్లు. ఇప్పుడు ఎక్కువగా ఆల్ప్రాజోలం. 2025 సెప్టెంబరులో పాత బోయిన్‌పల్లిలో ఒక ప్రైవేటు స్కూలు భవనంలోనే ఆల్ప్రాజోలం తయారుచేస్తుంటే పోలీసులు పట్టుకున్నారు. ఈ సరుకుకు ఎంత గిరాకీ ఉందో దాన్నిబట్టే తెలుస్తుంది. చెట్టెక్కి గీసే గీత కార్మికుడికి దీంట్లో దక్కేది చెడ్డపేరే. మోకు జారి పడితే ప్రాణం పోయేది ఆయనది, మందు కలిపి అమ్ముకునేది ఇంకొకరు. ఈ లేఖ గీత కార్మికుల మీద కాదని దయచేసి గుర్తుంచుకోండి.

ఆల్ప్రాజోలం, డైజోఫాం అనేవి నిద్రకు, ఆందోళనకు డాక్టర్లు కొద్ది రోజులకు రాసే మాత్రల జాతివి. నెలల తరబడి రోజూ ఒంట్లోకి వెళ్తే మెదడు దానికి అలవాటు పడిపోతుంది. ముందు ఒక సీసాకు వచ్చిన మత్తు తర్వాత రెండు సీసాలకు కూడా రాదు. అలాంటి మనిషికి ఒక్కసారిగా ఆపేస్తే ఒకటి రెండు రోజుల్లో నిద్ర పట్టకుండా పోతుంది, చేతులు వణుకుతాయి, చెమటలు, గుండె దడ, విపరీతమైన చిరాకు మొదలవుతాయి. తర్వాత లేనివి కనబడతాయి, వినబడతాయి, ఫిట్స్ వస్తాయి, మనిషి ఎక్కడున్నాడో తెలియని స్థితికి వెళ్తాడు. ఫిట్స్‌లో ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి పోయి చనిపోయే ప్రమాదం ఉంది. తనకే తెలియని భయంలో ఉరుక్కుంటూ పోయి బావిలో దూకే ప్రమాదం ఉంది. సంకల్పం గట్టిగా ఉంటే మానేస్తాడు అనే మాట ఇక్కడ ప్రాణం తీస్తుంది. ఇలాంటివాళ్లకు అదే జాతికి చెందిన, ఒంట్లో ఎక్కువ సేపు నిలిచే డయజిపామ్ లాంటి మందు ఇచ్చి, మోతాదు వారం వారం కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. మెట్లు దిగినట్టు దించాలి, మేడ మీద నుంచి తోసేయకూడదు. ఇది పెద్ద ఆసుపత్రిలోనే చేయాల్సిన వైద్యమూ కాదు. తీవ్రంగా ఉన్నవాళ్లను పెద్ద ఆసుపత్రికి పంపి, మిగతావాళ్లను నేర్పు ఉన్న ఎంబీబీఎస్ డాక్టరు మండలంలోనే చూడగలడు.

ఇప్పుడు జరుగుతున్నది ఏంటంటే:

1. గుర్తుపట్టడమే లేదు. ఆసుపత్రికి వచ్చేవాళ్లలో రెండు రకాలు. మందు ఎక్కువై మత్తులో ఊపిరి మందగించి వచ్చేవాళ్లు, మందు అందక వణుకుతూ వచ్చేవాళ్లు. ఒకరికి చేయాల్సింది ఇంకొకరికి చేస్తే హాని. కానీ ఇద్దరి చీటీ మీదా "కల్లు కేసు" అని రాసి ఇద్దరికీ ఒకే సెలైన్ ఎక్కించడం నేను చూశాను. కల్లుతో పాటు బాగా మద్యం తాగి తిండి మానేసిన మనిషికి థయమిన్ (బి1 విటమిన్) ఇంజెక్షన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతిని జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. ఆ ఇంజెక్షన్ చాలా చవక. కేకలు పెడుతున్నాడని మనిషిని శాంతపరిచే హాలోపెరిడాల్ మందు ఒక్కటే ఇస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఇవన్నీ డాక్టర్లు చదువుకున్న విషయాలే. రద్దీలో, తాగుబోతు అన్న చులకనలో, అడగాల్సిన ఒక్క ప్రశ్న మిగిలిపోతోంది: చివరిసారి ఎప్పుడు తాగావు?

2. ఇంటివాళ్లు ఆసుపత్రికి రాకముందే వేరే దారి పడుతున్నారు. నిన్నటిదాకా మామూలుగా ఉన్న మనిషి గోడవైపు చూసి ఎవరితోనో మాట్లాడుతుంటే గాలి సోకిందనో, బాణామతి చేశారనో అనుకుంటారు. ఆ అనుమానం పక్కింటి ముసలమ్మ మీదికి పోతే ఏం జరుగుతుందో మా జిల్లాల వాళ్లకు చెప్పక్కర్లేదు. వణుకు మొదలైన మనిషిని మంచానికి కట్టేసి, భూతవైద్యుడి దగ్గర రెండు రోజులు పోగొట్టి, ఫిట్స్ వచ్చాక 108కు ఫోన్ చేస్తారు. ఊళ్లో ఒక్కరైనా "ఇది కల్లు బందైనందుకు వచ్చిన జబ్బు, దీనికి మందుంది" అని చెప్పేవాళ్లుంటే ఆ రెండు రోజులు మిగులుతాయి.

3. ఆడవాళ్లు లెక్కలోనే లేరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21లో తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43 శాతం పైగా మద్యం తాగుతున్నారు, దేశంలో అరుణాచల్ ప్రదేశ్ తర్వాత మనదే. ఆడవాళ్లలో దాదాపు 7 శాతం. కానీ మా వైపు చాలామంది ఆడవాళ్లు కల్లును మద్యంగా అనుకోరు, అడిగితే తాగమనే చెప్తారు. పొద్దంతా కూర్చుని బీడీలు చుట్టిన నడుముకు, నాట్లు వేసిన కాళ్లకు సాయంత్రం కల్లు మందు లాంటిది. నొప్పి తెలియదు, నిద్ర పడుతుంది. దాంట్లో ఏం కలిపారో ఆమెకు తెలియదు. తెలియకుండానే రోజుకింత ఆల్ప్రాజోలం మింగుతోంది. కల్లు బందైతే మగవాణ్ని ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి తెస్తారు. ఆమెను తీసుకురావడానికి సిగ్గు. డీఅడిక్షన్ (వ్యసనం మాన్పించే) వార్డు అంటే అక్కడంతా మగవాళ్లే, ఆమె ఎక్కడ పడుకోవాలి? గర్భిణి అయితే ఇంకో ప్రమాదం, పుట్టిన బిడ్డకు కూడా మందు అందని లక్షణాలు వస్తాయి. ప్రసవాల రికార్డులో తల్లి కల్లు తాగుతుందా అన్నది రాసిన చీటీ నా సర్వీసులో చాలా అరుదుగా చూశాను.

4. అసలు జబ్బు అడుగునే ఉండిపోతోంది. నేను ఇంటింటికీ తిరిగిన కాలంలో ఎక్కువగా విన్న మాటలు ఇవి: తల బరువు, గుండె దడ, ఒళ్లంతా మంటలు, తిన్నది అరగదు, నిద్ర పట్టదు, ఎవరితో మాట్లాడబుద్ధి కాదు. ఈ మాటలన్నీ కలిపి చెప్పే మనిషికి గ్యాస్ మాత్ర, బలం సూది, కాల్షియం రాసి పంపుతారు. ఆ మనిషికి డిప్రెషన్ ఉండొచ్చు, ఆందోళన జబ్బు ఉండొచ్చు. పంట పోయి, అప్పు పెరిగి, కొడుకు గల్ఫ్ నుంచి పైసలు పంపక, ఎవరికీ చెప్పుకోలేక ఉన్న మనిషికి రాత్రి నిద్ర పట్టించేది కల్లే అయితే, ఆ కల్లు ఆపేసిన రోజు దిగులు మొత్తం ఒక్కసారిగా మీద పడుతుంది. కొందరికి కల్లు వల్ల దిగులు, కొందరికి దిగులు వల్ల కల్లు, చాలామందికి రెండూ. ఒకదానికి మందిచ్చి రెండోదాన్ని వదిలేస్తే నెల తిరగకుండానే మళ్లీ దుకాణానికి వెళ్తారు. మానేసిన కొత్తలోనే ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువ ఉండొచ్చు. ఆ మాట డాక్టరు నోరు తెరిచి అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం తప్పు. అడిగితే మనిషి చెప్పుకుంటాడు.

5. ఆల్ప్రాజోలం మెడికల్ షాపులో దొరుకుతోంది. కల్లు బందైతే తెలిసినవాళ్లు అక్కడికే పోతారు. ఈ మందు షెడ్యూల్ హెచ్1లో ఉంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఎవరు రాశారు, ఎవరికి, ఎన్ని అమ్మారో వేరే రిజిస్టరులో రాసి 3 ఏళ్లు దాచాలి. అమ్మేవాళ్లకు అది తెలుసు. చూసేవాళ్లు లేరు.

6. వైద్యం దొరక్క అప్పులపాలవుతున్నారు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకటి రెండు రోజులు సెలైన్ పెట్టి పంపేస్తే, ఇంటివాళ్లు ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్ల చుట్టూ తిరుగుతారు. అన్నీ చెడ్డవని అనను. కానీ బోర్డు పెట్టి, గదిలో తాళం వేసి, కొట్టి మాన్పించేవాళ్లు ఉన్నారు. మంచి చెడు తేల్చుకునే దారి మామూలు కుటుంబానికి లేదు. బంగారం కుదువపెట్టి కట్టిన డబ్బుకు మనిషి వాతలతో తిరిగొస్తే ఎవరిని అడగాలి?

దేశంలోనూ పరిస్థితి పెద్ద భిన్నంగా లేదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో తేలింది ఏమంటే, డిప్రెషన్, ఆందోళన లాంటి మామూలు మానసిక జబ్బులున్నవాళ్లలో నూటికి 85 మందికి, మద్యం వ్యసనం ఉన్నవాళ్లలో 86 మందికి వైద్యం అందడం లేదు. 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ విడుదల చేసిన సర్వేలో మద్యానికి బానిసైనవాళ్లలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందిందని, 180 మందికి ఒక్కరే ఆసుపత్రిలో చేరి వైద్యం పొందారని తేలింది. మొదటి సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ కూడా లేదు. అంటే ఆ లెక్కలో మన పరిస్థితి రానేలేదు. కల్లుతో మత్తు మందు తాగుతున్నవాళ్లు మన రాష్ట్రంలో ఎంతమంది అని అసెంబ్లీలో ఎవరైనా అడిగితే మంత్రిగారు ఏ లెక్క చూపించగలరు?

చట్టం మా వైపే ఉంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చి 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. మద్యం, మత్తు మందుల వాడకంతో వచ్చే మానసిక స్థితులను కూడా అది మానసిక జబ్బులుగానే చెప్పింది. 18వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం నడిపే లేదా డబ్బిచ్చే సేవల నుంచి మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కు. పేదలకు, కార్డు ఉన్నా లేకున్నా, ఉచితంగా ఇవ్వాలి. జిల్లాలో కనీస సేవలు లేకపోతే ఆ జిల్లాలోనే వేరే చోట చేయించుకున్న వైద్యం ఖర్చు ప్రభుత్వమే పెట్టుకోవాలి. జబ్బు మనిషిని గొలుసుతో కట్టడాన్ని అదే చట్టం నిషేధించింది. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన రోగులు మంటల్లో చిక్కుకుని 28 మంది చనిపోయారు. మన ఊళ్లలో మంచానికి కట్టేస్తున్న ఇంటివాళ్లు దుర్మార్గులు కారు, వాళ్లకు వేరే దారి చూపించినవాళ్లు లేరు. ఇంకో మాట. జనాభాకు తగినంత మానసిక వైద్య సిబ్బందిని అంతర్జాతీయ ప్రమాణాల మేరకు పదేళ్లలో సమకూర్చుకునే ప్రయత్నం చేయాలని 31వ సెక్షన్ చెప్పింది. ఆ పదేళ్లు 2028 మేతో పూర్తవుతాయి.

చేసినవి లేవని అనడం న్యాయం కాదు. మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం చేసే టెలీ మానస్ 14416 నంబరు 2022 అక్టోబరు నుంచి రాత్రింబగళ్లు పనిచేస్తోంది, తెలుగులో మాట్లాడుతుంది, ఫోన్ ఖర్చు లేదు. దిగులుతో ఉన్న చాలామందికి ఆ నంబరు ఇచ్చాను, ఇస్తూనే ఉంటాను. కానీ ఫిట్స్ వస్తున్న మనిషికి ఫోన్‌లో వైద్యం జరగదు. నషా ముక్త్ భారత్ (మత్తు లేని భారత్) ర్యాలీల్లో పిల్లలతో ప్రతిజ్ఞ చేయిస్తున్నారు, బాగుంది. ప్రతిజ్ఞ చేసిన పిల్ల ఇంటికెళ్లి నాన్నను మానేయమంటే, ఆయన నిజంగానే ఆ రోజే మానేస్తే, మూడో రోజు ఆ పిల్ల ఎవరికి చెప్పాలి?

మండలాల్లో ఉన్న డాక్టర్లకు ఒక మాట. మీ మీద ఉన్న భారం నాకు తెలుసు, మీతోనే పనిచేశాను. నేను అడిగేది ఓపీలో ఐదు నిమిషాల పని. కల్లు గానీ మందు గానీ రోజూ తాగుతారా, చివరిసారి ఎప్పుడు, పొద్దున్నే వణుకు వస్తుందా, గతంలో ఆపితే ఫిట్స్ వచ్చాయా, వేరే మాత్రలు వాడుతున్నారా. తర్వాత నాలుగు ప్రశ్నలు: తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా, ఎవరైనా అంటే కోపం వచ్చిందా, తప్పు చేస్తున్నానని బాధపడ్డారా, లేవగానే తాగాల్సి వస్తోందా. రెండింటికి అవునన్నా గట్టిగా అనుమానించాలి. అందరికీ ఇంకో రెండు: ఈ రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి పోయిందా, మనసు దిగులుగా ఉంటోందా. నిజానికి 30 ఏళ్లు దాటినవాళ్లకు ఆశా కార్యకర్తలు నింపే బీపీ, షుగర్ స్క్రీనింగ్ ఫారంలో ఈ రెండు ప్రశ్నలు ఇప్పటికే ఉన్నాయి. ఆశాలు అడుగుతున్నారు, రాస్తున్నారు. బీపీ ఎక్కువ అని వస్తే మనిషిని మీ దగ్గరికి పంపుతున్నారు. దిగులు అవును అని వస్తే ఫారం ఫైల్లోకి పోతోంది.

డిప్రెషన్‌కు ఫ్లూఆక్సిటిన్ రాసినప్పుడు ఇది గుణం చూపడానికి రెండు మూడు వారాలు పడుతుందని చెప్పండి. చెప్పకపోతే నాలుగు రోజులకే "ఈ గోళీ పనిచేయలేదు" అని పారేస్తారు. నిద్ర పట్టడం లేదన్నవాళ్లకు నెలల తరబడి ఆల్ప్రాజోలం రాయకండి. కల్లు మాన్పించడానికి డయజిపామ్ ఇచ్చేటప్పుడు నెల స్ట్రిప్పులు ఒక్కసారి చేతికివ్వకుండా వారానికి సరిపడా, ఇంట్లో బాధ్యత గల మనిషి చేతికి ఇవ్వండి. అన్నిటికంటే ముందు, ఆ మనిషిని "ఏరా" అనకండి. ఆసుపత్రికి మళ్లీ వస్తాడా రాడా అన్నది అక్కడే తేలిపోతుంది.

మా డిమాండ్లు:

1. ఆబ్కారీ, వైద్య ఆరోగ్య శాఖలు కలిపి ఒక ఉత్తర్వు ఇవ్వాలి. ఏ కల్లు దుకాణం మూసినా అదే రోజు జిల్లా వైద్యాధికారికి సమాచారం చేరాలి. మర్నాటి పొద్దునకు ఆ ఊళ్లో డాక్టరు, నర్సు, మందులతో క్యాంపు మొదలై కనీసం రెండు వారాలు ఉండాలి. ఆ తర్వాత మందు తగ్గించే బాధ్యత ప్రాథమిక ఆరోగ్య కేంద్రం తీసుకోవాలి. దాడి సంగతి ముందే బయటపడకూడదన్న మీ ఇబ్బంది అర్థమవుతుంది, అందుకే ముందు రోజు చెప్పమని అడగడం లేదు.

2. కల్లు ఎక్కువగా తాగే మండలాల్లో ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డయజిపామ్, లోరాజెపామ్, థయమిన్ ఇంజెక్షన్లు, ఫ్లూఆక్సిటిన్, అమిట్రిప్టిలిన్ ఏడాది పొడవునా ఉండాలి. నిల్వ ఎంతుందో బోర్డు మీద రాయాలి.

3. శాంపిల్‌లో ఏం కలిపారో కోర్టు కోసం వచ్చే రిపోర్టు వేరు, రోగి కోసం కావాల్సిన సమాచారం వేరు. మందు పేరు తెలిసిన వెంటనే ఆ రోగులున్న ఆసుపత్రికి ఫోన్‌లో చెప్పే ఏర్పాటు కావాలి. ఆల్ప్రాజోలమా, క్లోరల్ హైడ్రేటా అన్నది తెలియకుండా డాక్టరు చీకట్లో వైద్యం చేయాల్సి వస్తోంది. క్లోరల్ హైడ్రేట్ అయితే గుండె లయ తప్పుతుందేమో కనిపెట్టి ఉండాలి.

4. ఇప్పుడు జిల్లాకో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అక్కడి మానసిక వైద్యులు వారానికి ఒక రోజు ఏరియా ఆసుపత్రికి వచ్చి కూర్చోవాలి. అది ఏ రోజన్నది ఊరందరికీ తెలియాలి. బాన్సువాడ నుంచి, ఎల్లారెడ్డి నుంచి కూలి పోగొట్టుకుని ఎర్రగడ్డకు పోయి, లైన్లో నిలబడి రావడం ఒక మనిషికి ఎన్నిసార్లు సాధ్యం?

5. మండల డాక్టర్లకు, నర్సులకు ఈ విషయం మీద రోగుల మధ్యే శిక్షణ ఇవ్వాలి. మీటింగ్ హాల్లో స్లైడ్లు చూపించి సంతకాలు పెట్టించుకుంటే సరిపోదు. ఏ లక్షణానికి ఏం ఇవ్వాలి, ఎప్పుడు పెద్ద ఆసుపత్రికి పంపాలి అన్నది ఒక్క పేజీలో రాసి క్యాజువాలిటీ గోడకు అంటించాలి.

6. ఆడవాళ్లకు వేరే సమయం, వేరే గది, వీలైనచోట ఆడ డాక్టరు. గర్భిణుల కార్డులో కల్లు, మద్యం, నిద్ర మాత్రల ప్రశ్న చేర్చాలి.

7. ఆశా కార్యకర్తల ఫారంలో దిగులు ప్రశ్నకు అవును వచ్చిన ప్రతి మనిషిని వారం లోపు డాక్టరు చూడాలి. ఆ పనికి ఆశాలకు పారితోషికం ఇవ్వాలి.

8. వైద్యానికి వచ్చినవాళ్లను బాధితులుగానే చూస్తామని, వాళ్ల పేర్లు పోలీసులకు గానీ పేపర్లకు గానీ పోవని ప్రకటించాలి. మత్తు మందులకు అలవాటుపడి తనంతట తాను వైద్యానికి వచ్చిన మనిషికి మత్తు మందుల చట్టం (ఎన్‌డీపీఎస్) 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తోంది, ఆ సంగతి ఊళ్లలో ఎవరికీ తెలియదు. మత్తులో ఊగుతున్నవాళ్ల వీడియోలు ఆసుపత్రి వార్డుల్లో తీసి తిప్పడం ఆపించాలి.

9. రిజిస్ట్రేషన్ ఉన్న డీఅడిక్షన్ సెంటర్ల జాబితా జిల్లాల వారీగా తెలుగులో పెట్టాలి. లేనివాటిని తనిఖీ చేయాలి. మెడికల్ షాపుల్లో హెచ్1 రిజిస్టర్లు చూడాలి.

10. తెలంగాణలో కల్లుతో పాటు మత్తు మందుల వాడకం మీద ఇంటింటి సర్వే చేయించి, ఫలితాలు బయటపెట్టాలి.

వీటిలో మొదటి మూడింటికి కొత్త భవనాలు అక్కర్లేదు, కొత్త పోస్టులు అక్కర్లేదు. రెండు శాఖల అధికారులు ఒక బల్ల దగ్గర కూర్చుంటే చాలు. కాబట్టి వాటి మీద నెల రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాం. మిగతావాటికి ఏది ఎప్పటిలోగా చేస్తారో తేదీలు చెప్పండి.

మా వైపు నుంచి చేయగలిగింది చేస్తాం. క్యాంపుకు గది మా సంఘం భవనంలో ఇస్తాం. రోజూ తాగేవాళ్లలో వైద్యానికి ఒప్పుకున్నవాళ్ల పేర్లు గుట్టుగా ఏఎన్ఎంకు అందిస్తాం. మందు వేళకు ఇచ్చేలా, రాత్రి ఒంటరిగా వదలకుండా ఇళ్లల్లో చూసుకోవడానికి సంఘం సభ్యులు ఒప్పుకున్నారు. జవాబు వచ్చినా రాకపోయినా, వచ్చే గ్రామసభలో ఈ లేఖ చదివి తీర్మానం చేయించి ఆ ప్రతిని మళ్లీ మీ ఇద్దరి కార్యాలయాలకూ పంపుతాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆరోగ్య పర్యవేక్షకురాలు,
మండల మహిళా సంఘాల సభ్యుల తరఫున,
కామారెడ్డి జిల్లా